కిటికీ ఊచల మీద ఆరేసిన గుడ్డ

బోధన్ నుంచి నిజామాబాద్‌కు రోజూ బస్సులో పోయి ఫార్మసీ చదివేదాన్ని. మొదటి ఏడాదిలో ఒక ప్రాక్టికల్ అంటేనే మాకు దడ. బలహీనమైన క్షారాన్ని నీళ్లలో టైట్రేషన్ చేస్తే ఎక్కడ ఆపాలో రంగు సరిగ్గా చెప్పదు. అందుకని నీళ్లు లేని ఎసిటిక్ ఆమ్లంలో మందును కరిగించి, అందులోకి పర్‌క్లోరిక్ ఆమ్లాన్ని చుక్కచుక్కగా వదలాలి.

గాఢమైన పర్‌క్లోరిక్ ఆమ్లాన్ని ల్యాబ్ మేడమే కొలిచి పోశారు. సీసా పక్కన పెట్టేటప్పుడు బల్ల మీద కొంచెం ఒలికింది. ఆమె గమనించలేదు. నాతో కలిసి చేసే అమ్మాయి, మోర్తాడ్ పసుపు రైతు బిడ్డ, అది నీళ్లనుకుని నూలు గుడ్డతో తుడిచేసి, ఆ గుడ్డను కిటికీ ఊచల మీద ఎండకు వేసింది.

కాసేపటికి మేడమ్ బల్ల మీది మచ్చ చూశారు.

"ఇక్కడ ఎవరు తుడిచిండ్రు?"

"నేనే మేడమ్. నీళ్లనుకున్న."

"గుడ్డేది?"

ఆ పిల్ల కిటికీ వైపు చూపించింది. మేడమ్ ముఖం పాలిపోయింది.

"దాన్ని ఎవరూ ముట్టొద్దు. ఆరితే అంటుకుంటది, పేలినా పేలుతది. అందరు బయటికి నడువుండ్రి!" నా వైపు తిరిగి, "నువ్వు బకెట్ల నీళ్లు పట్టుకొచ్చి గుమ్మం కాడ పెట్టు" అన్నారు.

నీళ్లు తెచ్చి పెట్టి వరండాలోంచి చూశాను. కళ్లద్దాలు, గ్లౌజులు వేసుకున్న మేడమ్ చేతిలో మగ్గు వణుకుతోంది. సగం నీళ్లు నేల మీదే పడ్డాయి. అప్పటిదాకా నాకున్నది కంగారే. ఆ చెయ్యి చూశాకే నిజమైన భయం పట్టుకుంది. గుడ్డ మీద దూరం నుంచే నీళ్లు చల్లి, పట్టకారుతో తీసి బకెట్‌లో ముంచారు.

హమ్మయ్య అనుకునేలోపు నా పక్కనే నిలబడ్డ ఆ పిల్ల నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"ఏప్రాన్‌కు సేతులు తుడుసుకున్ననే. ఇప్పుడెట్లనే?"

అది ఇంకా ఆమె ఒంటి మీదే ఉంది. గుండీలు విప్పేంత సేపు ఆగలేదు. గుంజితే రెండు తెగిపోయాయి. ఏప్రాన్‌ను వరండాలోని కుళాయి కింద పడేసి, ఆమె చేతులనూ ధార కింద పట్టుకున్నాను. వేళ్లు ఎర్రబడ్డాయి, అంతే. మేడమ్ పరుగెత్తుకొచ్చి చూశారు. ఒక్క మాట తిట్టలేదు.

"ఇంకా కడుగు బిడ్డా, ఇంకా కడుగు" అంటూనే ఉన్నారు.

మరుసటి వారం మళ్లీ అదే ప్రాక్టికల్. ఆ పిల్ల చుక్కలు వదిలే బ్యూరెట్ గొట్టాన్ని ముట్టనంది. నేనే చుక్కలు వదిలాను. ఊదారంగు నీలమై, ఇక ఆపాలన్న గుర్తుగా ఆకుపచ్చలోకి తిరిగింది.

"అయిందా?" అంది, అటు చూడకుండానే.

"అయిందే."

స్టూలు మీద కూలబడి, అప్పుడు ఏడ్చింది.