సాతంరాయిలో లేని వాగు

సాతంరాయిలో శ్రీలత ఇల్లు బెంగళూరు హైవేకి ఎంత దగ్గరంటే, లారీ హారన్ కొడితే వంటింట్లో గిన్నెలు పలుకుతాయి. మిగతా చప్పుడు విమానాలు చూసుకుంటాయి. కింద భర్త ఉపేందర్ సిమెంటు, ఇనుము అమ్మే దుకాణం. పైన కాపురం. మధ్యాహ్నం అత్త చంద్రమ్మ కునుకు తీస్తున్నప్పుడు, మంచం మీద బోర్లా పడుకొని శ్రీలత ఫోన్‌లో ప్రేమకథలు రాస్తుంది.

కథలన్నీ సెలవుల్లోనే జరుగుతాయి. పెద్ద ఉద్యోగం చేసి విసిగిపోయిన అమ్మాయి పది రోజులు సెలవు పెట్టి చిన్న ఊరికి వస్తుంది. ఊరి పేరు వెన్నెలవాగు. పొద్దున మంచు, పగలు కోయిల, సాయంత్రం వాగు. ఒడ్డున తెల్లచొక్కా చేతులు మోచేతుల దాకా మడిచిన ఒక యువకుడు. అతను ఏం పని చేస్తాడో ఏ కథలోనూ ఉండదు, గుర్రం మాత్రం ఉంటుంది. సెలవు అయిపోయే రోజున అమ్మాయి విమానం టికెట్ చింపేస్తుంది. ఈ రోజుల్లో టికెట్ ఫోన్‌లో ఉంటుంది కదా, ఎలా చింపిందమ్మా అని అడిగిన పాఠకురాలు ఇంతవరకు ఒక్కతీ లేదు.

ఆ కథలు వచ్చే యాప్‌లో తన పేరు కింద శ్రీలత ఒక వాక్యం రాసుకుంది. 'నా కథలన్నిటికీ స్ఫూర్తి మా సొంతూరు సాతంరాయి.' ఆ వాక్యమే ఆమెను ముంచింది.

ముందు ఊళ్లో ఆడవాళ్లు చదివారు. వాళ్ల నుంచి మగవాళ్లకు అంటుకుంది. చూస్తుండగానే సగంమంది ఆ తెల్లచొక్కావాడు తామేనని నమ్మేశారు. మటన్ కొట్టు బిక్షం తెల్లచొక్కా కుట్టించుకొని కొట్లో కూర్చున్నాడు. పూట గడవకముందే అది తెల్లచొక్కా అనిపించుకోవడం మానేసింది. ప్లాట్లు అమ్మే మహేష్ అయితే ఏకంగా మెట్లెక్కి పైకే వచ్చాడు.

"అక్కా, ఆరో కథల హీరో నేనే గదా? నిజం చెప్పు. ఆ నవ్వు నాదే."

"నీకు గుర్రం ఉన్నదా తమ్మీ?"

"బుల్లెట్ బండి ఉన్నది. నువ్వు జర మార్చి రాసినవ్."

భార్య పోరు పడలేక ఉపేందర్ కూడా ఒక కథ చదివాడు. సిమెంటు బస్తా మీద కూర్చొని చివరిదాకా చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. శ్రీలత ఆశగా చూసింది.

"మంచిగనే ఉన్నది. గని ఈ పోరడు ఏం తిని బతుకుతడు? దుకాణం లేదు, పొలం లేదు. గుర్రానికి దాణా ఎవడు పెడ్తుండు?"

శ్రీలత ఆ తర్వాత అతనితో మాట్లాడటం మానేసింది. అమ్మకాల హడావుడిలో అతను ఆ సంగతి గమనించలేదు. చేసేది లేక ఆమే మళ్లీ మొదలుపెట్టింది.

ఇలా ఉండగా యాప్‌లో కథల వ్యవహారం చూసే అనుపమ మాదాపూర్ ఆఫీసు నుంచి ఫోన్ చేసింది. ఆమెది రాజమండ్రి వైపు.

"శ్రీలతగారూ, శుభవార్తండీ! పాఠకులకి పోటీ పెట్టాం. గెలిచినవాళ్లని వచ్చే ఆదివారం వెన్నెలవాగు తీసుకొస్తున్నాం."

"ఎక్కడికి మేడం?"

"మీ ఊరికేనండీ. ఆ మంచు ఎన్నింటికి పడుతుందో చెబితే, బస్సు ఆ టైముకి వచ్చేలా చూస్తాం."

"పొద్దుగాల మేడం" అనేసి శ్రీలత ఫోన్ పెట్టేసింది. ఆమెకు అబద్ధాలు రాయడం అలవాటే గాని, చెప్పడం అలవాటు లేదు. సాతంరాయిలో పొద్దున కనబడే తెలుపంతా లారీలు లేపిన దుమ్ము. వాగు అనదగ్గది ఏదన్నా ఉంటే హోటళ్ల వెనక మురుగు కాలువ. దానికీ ఒడ్డుంది గాని, అక్కడ నిలబడి ప్రేమించాలంటే ముక్కు మూసుకోవాలి.

మహేష్ ఆదుకున్నాడు.

"పరేషాన్ గాకు అక్కా. వాగు నా దగ్గర ఉన్నది."

నిజంగానే ఉంది. రావిర్యాల వైపు అతను అమ్మిపెడుతున్న కొత్త వెంచర్‌లో, ప్లాస్టిక్ గడ్డి మీద, సిమెంటు రాళ్ల మధ్య మోటారుతో పారే నీళ్లు. పక్కన పెళ్లి ఫోటోల కోసం వేసిన ఊయల. మంచు కోసం ఫంక్షన్ హాలు నుంచి పొగ మిషన్ తెస్తానన్నాడు. పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు ఇచ్చే ఎజాజ్ దగ్గర గుర్రం కిరాయికి మాట్లాడాడు.

ఆదివారం ఆ వెంచర్ దగ్గర బస్సు దిగినవాళ్లు అరడజను మంది ఆడవాళ్లు. మహేష్ పొగ వదిలాడు. అందరూ "అబ్బ, మంచు!" అన్నారు, తర్వాత అందరూ దగ్గారు. శ్రీలత గొంతు సవరించుకొని, తనకు కథలు ఎలా తడతాయో చెప్పబోయింది. సరిగ్గా అప్పుడే నెత్తి మీదుగా విమానం దిగింది. ఆమె పెదవులు కదులుతుంటే వాళ్లు భక్తిగా తలలూపారు. అంతలో ఎవరిదో ఫోన్ తీన్మార్ పాటతో మోగింది. ఎజాజ్ గుర్రం పెళ్లి బారాత్ మొదలైందనుకొని రెండు కాళ్లెత్తి ఆడసాగింది.

"డర్నా నక్కో అమ్మా, భయపడకుండ్రి! పాట ఆపుండ్రి, అదే ఊకుంటది" అని ఎజాజ్ కళ్లెం పట్టుకొని వేలాడాడు.

కరెంటు పోయి వాగు ఆగింది. పాఠకులు నిరాశపడ్డారనుకుంటే పొరపాటు. ఎండిన సిమెంటు రాళ్లను ఫోటోలు తీసి 'వేసవిలో వెన్నెలవాగు' అని పెట్టుకున్నారు.

ఆ సమయానికి ఉపేందర్ బగారన్నం గిన్నెలు ఆటోలో తెచ్చాడు. ఆ పొద్దున కూడా లోడు దించి వచ్చాడేమో, కనుబొమ్మల మీద సిమెంటు ఉంది.

"మా ఆయన" అంది శ్రీలత.

వాళ్లు అతన్ని చూశారు. మళ్లీ ఆమెను చూశారు. ఒకావిడ ఆమె చేయి నొక్కి, "ఫర్వాలేదండీ" అంది.

ఉపేందర్ ఆ మాట విని నవ్వి, విస్తళ్లు పరచసాగాడు. శ్రీలతకు మాత్రం చెంప చెళ్లుమన్నట్టయింది. అక్కడ నిలబడలేక ఊయల దగ్గరికి వెళ్లింది. అక్కడ ఒకామె చెప్పులు విడిచి, కాళ్లు చాపుకొని కూర్చొని ఉంది. పేరు సుమలత, మైలార్‌దేవ్‌పల్లిలో ఉంటుంది.

"అక్కా, నేను రోజు ఈ రోడ్డు మీదికెళ్లే పోత. ఈడ వాగు లేదని నాకు ఎరుకే" అంది ఆమె.

శ్రీలత చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "మరి ఎందుకొచ్చినవ్?"

"ఆదివారమొస్తె మా ఇంట్ల మొగోళ్లకు మూడు రకాల కూరలు గావాలె. ఇయ్యాల వాళ్లే వండుకుంటుండ్రు. ఇగ వాగుంటె ఏంది, లేకుంటె ఏంది?"

బస్సు వెళ్లేటప్పుడు మహేష్ అందరి చేతుల్లో వెంచర్ కాగితాలు పెట్టాడు. వారం తిరక్కముందే హైవే మీద ఫ్లెక్సీ లేచింది. శ్రీలత మొహం, కింద 'ప్రేమకథలు పుట్టిన నేల, వెన్నెలవాగు వెంచర్. మీ ప్లాట్ మీ కోసం ఎదురుచూస్తోంది.'

శ్రీలత మండిపడింది. కిందికి దిగి ఉపేందర్‌ను పట్టుకుంది.

"నన్ను అడగకుండ ఎట్ల పెడ్తరు? పోయి తీపియ్యి."

ఉపేందర్ తల గోక్కున్నాడు. "తీపియ్యొచ్చు. గని ఆ వెంచర్ గోడకు సిమెంటు మన దుకాణం నుంచే పోతున్నది."

ఫ్లెక్సీ ఉండిపోయింది. చంద్రమ్మ పనిగట్టుకొని పోయి చూసి వచ్చింది. "మంచిగ నవ్వినవ్ పిల్లా. ఇంట్ల ఎన్నడన్న గట్ల నవ్వినవా?"

ఆ కోపమంతా పెట్టి శ్రీలత కొత్త కథ రాసింది. ఇంటెడు చాకిరీ చేసే ఒక ఆడది ఆదివారం సెలవు తీసుకొని, మోటారు వాగు పక్కన ఊరికే కూర్చొని, పొద్దుగూకాక ఇంటికి పోతుంది. అంతే కథ.

"చాలా బాగుందండీ. కానీ ఇందులో ప్రేమ ఎక్కడుందండీ?" అని అడిగింది అనుపమ.

"సెలవు ఉన్నది గదా మేడం."

కథ వచ్చింది. పాఠకులిచ్చే రేటింగు చుక్కలు మాత్రం రాలలేదు. 'ఇది మా ఇంట్లో రోజూ ఉండేదే, దీనికి డేటా దండగ' అని ఒకావిడ రాసింది. ఆ కథకు నిండుగా అయిదు చుక్కలూ ఇచ్చింది సుమలత ఒక్కతే. ఇచ్చి, ఫోన్ కూడా చేసింది.

"నా ముచ్చట అచ్చు దింపినవ్ అక్కా. ఏడుపొచ్చింది. గని ఒక్క మాట, ఏమనుకోకు. ఆ ఊయల మీద నా పక్కన ఒకడ్ని కూసోవెడ్తె నీ సొమ్మేం పోయింది?"

శ్రీలత ముందు నిర్ఘాంతపోయింది. తర్వాత, చంద్రమ్మ నిద్రలేచి తిట్టేదాకా నవ్వింది. ఆ మధ్యాహ్నమే మరో కథ మొదలుపెట్టింది. అందులో మంచు మునుపటికన్నా దట్టంగా కురిసింది.

ఇప్పుడు వీలైన ఆదివారాల్లో శ్రీలత, సుమలత ఇద్దరూ ఆ వెంచర్‌కే పోతున్నారు. ఫ్లెక్సీ మీది మొహం కనుక వాచ్‌మన్ అడ్డుచెప్పకుండా గేటు తీస్తాడు. ప్లాట్లు చూడటానికి ఎవరన్నా వస్తేనే మోటారు వేస్తారు. ఎవరూ రాని పూట రాళ్లు ఎండిపోయి ఉంటాయి. ఇద్దరూ ఊయల మీద కూర్చొని వేయించిన పల్లీలు తింటూ, అత్తల గురించి, మొగుళ్ల గురించి నోరారా చెప్పుకుంటారు. ఆ పూట అన్నం ఉపేందర్ వండుతాడు. మెత్తగా గంజయిందని చంద్రమ్మ గొణుగుతూనే, రెండోసారి వడ్డించుకుంటుంది.