అద్దం, కొవ్వొత్తి, అత్తగారి అనుమానం

పెద్ద బట్టల షాపు గుమ్మం దగ్గర ఆడవాళ్ళ సంచులు తనిఖీ చేయడం ఆమె ఉద్యోగం. తోటివాళ్ళు ఆమెను 'డేగ' అనేవారు. సంచిలో చెయ్యి పెట్టేముందు మనిషి కళ్ళలోకి చూసేది. ఒకసారి పసిబిడ్డ పొత్తిళ్ళలోంచి పట్టుచీర బయటికి లాగింది. ఇంటికొచ్చినా ఆ చూపు మాత్రం డ్యూటీ దిగేది కాదు. కూరలో ఉప్పెక్కువైతే, ఎవరి ధ్యాస ఎక్కడుందో ఆరా తీసేది.

ఆ మధ్య ఆమె చూపు కోడలి మీద పడింది. ఆస్పత్రిలో ఆయాగా చేసే ఆ పిల్ల, గిన్నెలు తోముతూ తనలో తాను ఏదో గొణుక్కునేది. అత్తగారి అలికిడి వినగానే నోటికి తాళం పడేది. అంతలో కొడుకు గడ్డం గీసుకునే అద్దం మాయమైంది. దాని వెనకే అలమరలోని కొవ్వొత్తి కూడా.

"అద్దమేదిరా?" అని కొడుకుని అడిగింది.

"పగిలిపోయిందమ్మా."

"మరి ముక్కలేవి?"

కొడుకు చొక్కా గుండీ సర్దుకుంటూ జారుకున్నాడు. 'వీడు కూడానా!' అనుకుంది డేగ.

మర్నాడు పొద్దున్నే డ్యూటీకి బయల్దేరుతుంటే, పెరట్లో కోడలు ఫోన్లో మాట్లాడటం చెవిన పడింది. "మధ్యాహ్నం మేడ మీద గదికొచ్చెయ్యండి. అత్తయ్య ఉండదు. రేపటితో ఏదో ఒకటి తేలిపోతుంది."

షాపులో సంచులు తెరిచి మూస్తోందే గాని ఏమీ కనబడటం లేదు. భోజనాల వేళకు తలనొప్పని చెప్పి ఇంటిదారి పట్టింది. చెప్పులు కింద విడిచి, పిల్లిలా మెట్లెక్కింది. గది తలుపు ఓరగా వేసి ఉంది. లోపల మగ గొంతు.

"దగ్గరికి జరుపు. ఇంకా దగ్గరికి!"

ఒక్క తోపుతో తలుపు తెరిచింది. కిటికీకి దుప్పటి కట్టి ఉంది. కోడలి చేతిలో వెలుగుతున్న కొవ్వొత్తి, ఎదురుగా గోడకానించిన అద్దం. పక్కన తెల్ల కాగితం పట్టుకుని నిలబడ్డవాడు సాక్షాత్తూ ఆమె కొడుకే.

"ఏంటిది? నా మీద ఏమైనా ప్రయోగమా?"

"ప్రయోగమే అత్తయ్యా," అంది కోడలు. "రేపు పదో తరగతి ఫిజిక్స్ పరీక్ష. అదొక్కటే తప్పాను. పాసైతే ఆస్పత్రి ల్యాబులో తీసుకుంటామన్నారు."

డేగ అక్కడే చతికిలబడింది. పెళ్ళికి ఆమె పెట్టిన షరతు ఒక్కటే, పిల్ల పది పాసై ఉండాలని. తను ఏడుతో ఆగిపోయింది మరి. "పాసయ్యావని చెప్పారు కదే! ఇంతమంది సంచులు వెతికిన నన్ను, నా ఇంట్లోనే ముంచారా?"

కాసేపటికి కొడుకు పాఠం అందుకోబోతే పుస్తకం లాక్కుంది. "నువ్వు దానికి వంత పాడతావు. నేనడుగుతా." కూడబలుక్కుంటూ చదివింది. "పుటాకార దర్పణం. వస్తువు నాభికీ ధ్రువానికీ మధ్య ఉంటే?"

"మిథ్యా ప్రతిబింబం. నిటారుగా, పెద్దగా ఉంటుంది."

"వక్రతా కేంద్రం దగ్గరైతే?"

"తలకిందులు... అదే సైజు..."

"కళ్ళు పక్కకెళ్ళాయి. ఇది నీకు రాదు. మళ్ళీ చదువు."

పాఠం ఒక్క ముక్క అర్థం కాకపోయినా, దాపరికమెక్కడుందో ఆమె ఇట్టే పట్టేసేది. దీపాలు పెట్టేవేళ దాకా కోడలిని వదల్లేదు. మర్నాడు సెలవు పెట్టి తనే పరీక్షకు తీసుకెళ్ళింది.

ఫలితాలొచ్చిన రోజు ఫోను రెండుసార్లు చూపించమంది. అత్తెసరు మార్కులే, అయినా పాసే.

"సరే," అంది. "పెళ్ళిచూపులప్పుడు పది పాసని నాతో చెప్పిందెవరు?"

కోడలు తల దించుకుంది. కొడుకు ముందుకొచ్చాడు. "నేనేనమ్మా. నేనలా చెప్పానని తనకి తెలిసింది పెళ్ళయ్యాకే. ఇప్పుడు చెబితే మీ అమ్మ నన్ను నమ్మదని ఒకటే ఏడుపు."

డేగ కోడలిని తేరిపార చూసింది. ఈసారి ఆ కళ్ళు పక్కకు పోలేదు. ఆమెను దగ్గరకు తీసుకుని, "ఇన్నాళ్ళూ వీడి మూట నువ్వు మోశావా తల్లీ!" అంది.

కొడుకుతో మాత్రం నెల తిరిగేదాకా మాట్లాడలేదు.