చేతి మీది పేరు చెరిపించుకున్న ఏడాది

నాకు చదవడం వచ్చింది నలభై ఆరేళ్ళ వయసులో. చందానగర్‌లో మేము ఇస్త్రీ బండి పెట్టుకున్న అపార్ట్‌మెంటులోనే, రిటైరైన ఒక టీచరమ్మ సాయంత్రాలు పనివాళ్ళకు చదువు చెప్పేది. నేనూ పోయి కూర్చున్నాను. మొదట బస్సుల బోర్డులు చదివాను, తరువాత దుకాణాల పేర్లు, పప్పు పొట్లాల మీది రాత. ఆ తరువాత ఒక చిక్కు వచ్చిపడింది. నా కుడి ముంజేతి మీది పచ్చబొట్టును కూడా చదవడం మొదలుపెట్టాను.

అంతకు ముందు అది నాకు ఒక నీలి మచ్చ. అది ఎవరి పేరో తెలుసు. కాని తెలిసి ఉండడం వేరు, చదవడం వేరు. ఇస్త్రీ పెట్టె ముందుకు తోస్తే ఆ పేరు ముందుకు పోయేది, వెనక్కి లాగితే వెనక్కి వచ్చేది. చదవకూడదు అనుకున్నా కళ్ళు చదివేసేవి. ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల జాకెట్లు కుట్టించుకున్నాను.

ఆ పేరు మా మేనత్త కొడుకుది. నాకు తొమ్మిదేళ్ళప్పుడు, పెద్దయ్యాక అతనికే ఇస్తామని ఇంట్లో అనుకున్నారు. ఆ ఏడాది జాతరలో పచ్చబొట్లు వేసే ఆమె దగ్గర నన్ను కూర్చోబెట్టారు. ఆమెకూ చదువు రాదు. బడికి పోయే బావే ఒక కాగితం మీద తన పేరు రాసి ఇచ్చాడు. ఆమె బొమ్మ చూసి ముగ్గు వేసినట్టు దాన్ని చూసి సూదులతో పొడిచింది. నేను ఏడుస్తుంటే బావ పక్కన నిలబడి చెరుకు ముక్క నమిలాడు.

తరువాత బోరు నీళ్ళ దగ్గర మా నాయనకూ మామకూ మాటలు పెరిగి రాకపోకలు ఆగిపోయాయి. నన్ను వేరే ఊరి అబ్బాయికి ఇచ్చారు. చూడటానికి వచ్చిన రోజు పెళ్ళికొడుకు పెద్దమ్మ నా చేయి పట్టుకుని, ఇది ఎవరి పేరని అడిగింది. మా అమ్మ తడుముకోకుండా, చచ్చిపోయిన మా నాయన పేరు, తాత అంటే దానికి ప్రాణం అని చెప్పింది. బావను ఊళ్ళో అందరూ ముద్దుపేరుతోనే పిలిచేవారు కాబట్టి ఆ మాట నిలబడిపోయింది. అక్కడితో అయిపోతే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

నా భర్త మంచివాడు. మా తాతకు కొడుకులు లేరని విని, పెళ్ళైన మొదటి పెత్తరమాసకే, తన తల్లిదండ్రులతో పాటు ఆయనకూ బియ్యం ఇస్తానన్నాడు. మా వైపు ఆ అమావాస్య నాడు చనిపోయిన పెద్దల పేర్లు చెప్పి అయ్యగారికి బియ్యం, పప్పు, కూరగాయలు ఇస్తారు. అలా ప్రతి ఏడూ నా చేతి మీది పేరే చెప్పి ఇస్తూ వచ్చాడు. బతికున్న మనిషికి చనిపోయినవాళ్ళ బియ్యం ఇస్తుంటే, నేను తల వంచుకుని పక్కన నిలబడ్డాను. మొదటి ఏడాది చెప్పలేకపోయాను. ఆ తరువాత, ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదంటే ఏమనాలో తెలియక చెప్పలేదు. చెప్పిన రోజున అతను నన్ను ఏ కళ్ళతో చూస్తాడో అన్నదే నా భయం.

టీచరమ్మ ఒకరోజు నేను చేయి దాచుకోవడం చూసింది. ఆమెది కాకినాడ వైపు.

"తీయించేసుకోవచ్చమ్మా," అంది. "మా అమ్మాయి భుజం మీద ఏదో పిట్టని వేయించుకుంది. ఉద్యోగంలో చేరాక లేజరు పెట్టించి తీయించేసుకుంది. ఒక్కసారికి పోదు మరి, ఏడాది పైన తిరగాలి."

మా ఊళ్ళో జీడి రసం పెట్టి పచ్చబొట్టు కాల్చుకున్న ఒకామెను చూశాను. పేరు పోయింది, కాని దాని చోట తోలు ముడుచుకుపోయింది. అది గుర్తుండి భయపడుతూనే, లోకల్ రైలెక్కి హఫీజ్‌పేట్ దాటి హైటెక్ సిటీలో దిగాను. టీచరమ్మ కూతురు చూపించుకున్న చర్మ డాక్టరు అక్కడే. మా అమ్మాయి వయసు ఉంటుంది. నా చేయి దీపం కింద పెట్టి చూసింది. షుగరు ఉందా, ఏం మందులు వాడుతున్నారు, దెబ్బ తగిలితే మచ్చ ఉబ్బుతుందా అని అడిగింది. అప్పుడు చెప్పింది.

"లేజరు అంటే వెలుతురేనమ్మా. చర్మం లోపల ఉన్న రంగు దాన్ని పీల్చుకుని పొడి పొడి అవుతుంది. ఆ పొడిని మీ ఒళ్ళే మెల్లగా మోసుకుపోతుంది. నేను చేసేది పగలగొట్టడం వరకే."

"మరి గట్టిగ పెట్టి ఒక్కపారి కొట్టరాదా బిడ్డా?"

"మీ రంగు చర్మానికి గట్టిగా పెడితే తెల్ల మచ్చ పడుతుంది, లేకపోతే నల్లగా కమిలిపోతుంది. తక్కువలో పెట్టి, రెండేసి నెలలు ఆగి చేయాలి."

ఇది నాకు వెంటనే అర్థమైంది. మొండి మరకను బ్రష్షు పెట్టి రుద్దితే మరక కంటే ముందు బట్ట పోతుంది. మసితో వేసిన పాత పచ్చబొట్టు కాబట్టి రంగుల బొమ్మల కంటే తొందరగా లొంగుతుందని కూడా చెప్పింది. పూర్తిగా పోతుందని మాత్రం మాట ఇవ్వలేదు, లీలగా నీడ మిగలవచ్చంది. మచ్చ ఎంత పెద్దదో దాన్ని బట్టి ఖర్చు. నాది చిన్నదే, నా వల్ల అయ్యింది.

ముందు ఒక మూల చుక్కంత చోట కొట్టి చూసి, కొన్ని వారాలు ఆగి రమ్మంది. అది మానాక అసలు పని. తిమ్మిరి ఎక్కే క్రీము రాసి గంటసేపు కూర్చోబెట్టారు. కళ్ళకు నల్లద్దాలు పెట్టారు. టక్ టక్‌మని చప్పుడు, వెంట్రుక కాలిన వాసన. తాలింపు వేసేటప్పుడు నూనె చిట్లి చేతి మీద పడితే ఎలా ఉంటుందో అలా ఉంది, ఆగకుండా. కాని నాలుగైదు నిమిషాల్లోనే అయిపోయింది. చూస్తే పేరు మొత్తం సున్నం పెట్టినట్టు తెల్లగా పొంగి ఉంది. ఇంటికి చేరేలోపు ఆ తెలుపు దిగిపోయి ఎర్రగా వాచింది. పేరు ఎప్పటిలాగే కనబడింది. నిజం చెప్పాలంటే మోసపోయాననిపించింది.

పొక్కులు వస్తే చిదపవద్దు, మందు రాసి కట్టు కట్టుకోవాలి, ఎండ తగలనీయవద్దు, మానేదాకా ఇస్త్రీ వేడికి దూరంగా ఉండాలి అని చెప్పి పంపారు. ఇంట్లో ఏం చెప్పాలి? ఇస్త్రీ పెట్టె తగిలి కాలిందని చెప్పాను. ముప్పై ఏళ్ళు ఇస్త్రీ చేసిన మనిషికి అదే నోట్లోకి వచ్చింది.

"గింత కాలుతదా, సూస్కోవద్దా," అని నా భర్త తిట్టాడు. మా వృత్తిలో కాలిన చోటికి పసుపు తప్ప వేరే మందు తెలియదు. నేను వద్దంటున్నా కట్టు విప్పి, పొక్కు చిదిపి, కొబ్బరినూనెలో పసుపు కలిపి దట్టంగా పట్టించాడు. వద్దని గట్టిగా ఎలా అనగలను? ఎందుకు వద్దో చెప్పాలి కదా. రెండు రోజులకు చీము పట్టింది.

డాక్టరు పసుపు అంతా కడిగింది. "ఎవరమ్మా ఇది పెట్టింది?"

"మా ఇంటాయన. కాలిందని చెప్పిన."

ఆమె నవ్వలేదు. "ఇలాగైతే మచ్చ పడుతుంది. ఇంట్లో చెప్పి చేయించుకోండి, లేకపోతే మానేయండి."

మరునాడు పొద్దున బండి దగ్గర చెప్పాను. నా బదులు అతనే ఇస్త్రీ చేస్తున్నాడు.

"ఇది ఇస్త్రీ పెట్టె తగిలి కాలింది కాదయ్యా. ఆ పేరు తీయించుకుంటున్న."

"మీ తాత పేరెందుకు తీసుడు?"

"మా తాతది కాదు. మా మేనత్త కొడుకుది. చిన్నప్పుడు నన్ను గాయనకే ఇద్దామనుకున్నరు."

అతను చొక్కా కాలరు మీద నీళ్ళు చల్లి, రెండు వైపులా ఇస్త్రీ చేసి, మడత పెట్టి పక్కన పెట్టాడు. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. అన్నం పెడితే తిన్నాడు. రెండో రోజు కూడా అంతే. మూడో రోజు పెట్టె వేడెక్కే దాకా నిలబడి, నా వైపు చూడకుండా అడిగాడు.

"బతికే ఉన్నడా?"

"ఉన్నడు."

"మంచిగున్నడా?"

"మంచిగనే ఉన్నడట. మనుమడు గూడ పుట్టిండట."

"ఉండడా మరి. ఇన్నేండ్ల సంది బియ్యం ముడుతుంటే. పోయినేడు గుమ్మడికాయ గూడ ఇస్తిని."

నాకు నవ్వు వచ్చింది, ఆపుకోబోయాను, కాలేదు. అతను కూడా నవ్వాడు, కాని కొంచెంసేపే.

"అప్పుడే చెప్తే ఏం పోయిందే? తొమ్మిదేండ్ల పిల్లకు వాళ్ళు పొడిపిస్తే నీ తప్పేంది?" అన్నాడు. బల్ల మీద ఇంకో చొక్కా పరుస్తూ, "మరి మీ తాత సంగతేంది? పాపం ముసలాయనకు ఒక్కేడు గూడ ముట్టకపాయె. ఆయన పేరు చెప్పు," అన్నాడు.

చెప్పాను. మరిచిపోకుండా రెండుసార్లు పలికి చూసుకున్నాడు. ఆ ఏడు పెత్తరమాసకు ఆ పేరే చెప్పి ఇచ్చాడు. నేను తల వంచుకోలేదు.

ఆ తరువాత ప్రతిసారీ నాతో పాటు అతనూ వచ్చాడు. క్రీము పట్టేదాకా గంటసేపు కుర్చీలో కునుకు తీసేవాడు. మానేదాకా నేను లెక్కలూ మడతలూ చూసుకుంటే, వేడి పని అతను చేసేవాడు. పసుపు డబ్బా జోలికి పోలేదు. మూడోసారికి అక్షరాల అంచులు కరిగాయి. నాలుగోసారికి వాటి మధ్య ఖాళీలు పడ్డాయి. చీము పట్టిన చోట చర్మం కొంచెం తెల్లబడింది. అది మెల్లగా సర్దుకోవచ్చు, సర్దుకోకపోవచ్చు అని డాక్టరు చెప్పింది.

ఆరోసారి అయ్యి రెండు నెలలు గడిచాక, ఒక పొద్దున చొక్కా ఇస్త్రీ చేస్తూ చేయి వైపు చూశాను. మబ్బు నీడలాంటి నీలం తప్ప ఏమీ లేదు. చదవడానికి ప్రయత్నించాను. మొదటి అక్షరం ఏదో గుర్తుంది కాబట్టి కూడబలుక్కోబోయాను, ఆ గీత అక్కడ లేదు.

ఇంకో రెండుసార్లు వస్తే ఆ నీడ కూడా పోవచ్చంది డాక్టరు. నా భర్త వైపు చూశాను.

"నీ చెయ్యి, నీ ఇష్టం," అన్నాడు.

ఇక చాలని చెప్పాను. పొట్టి చేతుల జాకెట్లు రెండు కుట్టించుకున్నాను.