పురిటి గదిలో బూజు పరీక్ష

ఒక పసిబిడ్డ తన అమ్మమ్మ ఇంటికి రాకుండా ఒంటిచేత్తో అడ్డుపడిన ఘనుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే చింతించకండి, వాడు రాసిందే ఇప్పుడు చదువుతున్నారు. చేసిన పాపం చెప్పుకుంటే పోతుందంటారు. నాది ఇప్పటికి సగం తిరుపతికి చెప్పాను, పోలేదు. మీతోనైనా పోతుందేమోనని ఆశ.

నా వృత్తి ఇళ్ళలో బూజు పరీక్ష. కర్రకు చీపురు కట్టి దులిపే బూజు కాదండీ, చెమ్మ పట్టిన గోడల మీద, బీరువాల వెనక నల్లగా, పచ్చగా పుట్టుకొచ్చే రకం. చెన్నైలో మూడు నెలలు శిక్షణ పొంది తిరుపతిలో దిగేనాటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. మెడలో కార్డు, చేతిలో చెమ్మ కొలిచే మీటరు, మూతికి మాస్కు. నన్ను చూస్తే గోడలు వణుకుతాయని నా నమ్మకం.

తిరుచానూరులో చెంగల్రాయులు అనే పూల వ్యాపారి నుంచి పిలుపొచ్చింది. ఆయన కూతురు చిత్తూరులో, అత్తగారింటి దగ్గరి ఆసుపత్రిలోనే, అనుకున్న రోజుకంటే ముందు కనేసింది. ఇక తల్లినీ బిడ్డనూ పుట్టింటికి తెచ్చుకోవాలి. కానీ వియ్యపురాలు అడ్డం తిరిగింది. "మీ ఇంటినిండా తడి పూల గోతాలే. ఆ చెమ్మకు బిడ్డకు దగ్గొస్తాది. బూజు లేదని పరీక్ష చేయించి కాగితం చూపించండి, అప్పుడు పంపిస్తాం" అందట. అంటే మనవడు రావడం, రాకపోవడం నా కాగితం మీద ఉంది. ఆ మాట వినగానే నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

కార్తీకమాసం, ముసురు. బండి దిగి వాకిట్లోకి వచ్చేసరికి చెంగల్రాయులు తల్లి రంగమ్మవ్వ చెంబుతో నీళ్ళు తెచ్చింది.

"కాళ్ళు కడుక్కోని రా నాయనా. వానలో పడి వచ్చినావు."

"వద్దవ్వా. బూజుకు మూలం నీళ్ళే. పరీక్ష జరిగే ఇంట్లోకి తడికాళ్ళతో రాకూడదు" అన్నాను, శాస్త్రం మొత్తం నా నోట్లోనే ఉన్నట్టు.

"అట్లనా. మీ సదువులో అట్ల ఉండాదేమోలే" అని అవ్వ చెంబు పక్కన పెట్టింది.

మర్యాద తెలిసినవాణ్ణి కాబట్టి బూట్లు బయటే విప్పాను. సాక్సులతో లోపలికి నడిచాను. ప్రతి గదిలో నేల మీద ఒక చిన్న గిన్నె పెట్టి మూత తీశాను. అందులో గంజిలాంటి పదార్థం ఉంటుంది. గాలిలో బూజు ఉంటే దాని మీద పడుతుంది, తర్వాత మూత పెట్టేస్తే ఐదు రోజులకు మొలుస్తుంది. పురిటి గదిలో అయితే గంటసేపు గిన్నె చుట్టూ పచార్లు చేస్తూ, చెంగల్రాయులు భార్య మునెమ్మకు బూజు పుట్టుపూర్వోత్తరాలు వివరించాను. పోలిక కోసం మళ్ళీ బూట్లు తొడుక్కొని వెళ్ళి, వీధిలోనూ చూరు కింద ఒక గిన్నె పెట్టాను.

ఐదు రోజుల తర్వాత చూస్తే వీధి గిన్నెలో నాలుగు చుక్కలు. ఇంట్లోవి మాత్రం గొంగళ్ళు కప్పుకున్నాయి. అన్నిటికంటే ఘోరం పురిటి గదిది.

"మూలం ఇంట్లోనే ఉంది. ముఖ్యంగా ఈ గదిలో" అని తీర్పు చెప్పాను.

మునెమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "సున్నం కొట్టించినాను. ఉయ్యాల కట్టినాను. ఇంకేం చేసేది?" అంది. నిజం చెప్పాలంటే నాకు జాలి వేసింది. కానీ మొదటి దెబ్బకే బూజు పట్టుకున్నానన్న గర్వం ఆ జాలిని పక్కకు నెట్టేసింది.

వాళ్ళు పూల గోతాలన్నీ తీసుకెళ్ళి వేరే చోట పెట్టారు. పరుపులు కుంపట్ల దగ్గర ఆరబెట్టారు. గోడలకు మళ్ళీ సున్నం కొట్టారు. నేను మళ్ళీ వెళ్ళి, ఈసారి మరింత శ్రద్ధగా, పురిటి గదిలో రెండు గంటలు తిరిగాను. ఫలితం రెట్టింపు ఘోరంగా వచ్చింది.

"గోడ లోపల ఉన్నట్టుంది. పగలగొట్టాలి" అన్నాను.

చెంగల్రాయులు పాపం గడ్డపార తెచ్చాడు. ఎత్తబోతుంటే రంగమ్మవ్వ అడ్డం నిలబడింది.

"ఆగరా. ఈ అబ్బోడు యాడ ఎక్కువసేపు నిలబడితే ఆడే బూజు ఎక్కువొస్తా ఉండాది. మీరెవురూ సూడలేదా?"

"అవ్వా, శాస్త్రం అలా..."

"నీ శాస్త్రాన్ని తిన్నె మీద కూర్సోబెట్టు. ఈ తడవ గిన్నెలు నేను పెడతా. మిగిలిన ఒక గిన్నె నీ బూట్ల కాడ పెట్టుకో."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటారంటారు. నేను మాత్రం ఆ ఇంటి గోడల భుజాలన్నీ తడిమాను, నావి తప్ప. ఐదు రోజుల తర్వాత అవ్వ పెట్టిన గిన్నెలు అద్దాల్లా ఉన్నాయి. నా బూట్ల దగ్గరిదో, మూడు రంగుల్లో పొంగి మూతను పైకెత్తింది.

ఇంక దాచేదేముంది. ఆ ముసుర్లో నా అద్దెగదిలో ఏ బట్టా ఆరలేదు. ఉన్నది ఒకటే సాక్సుల జత. తడి బూట్లలోంచి తీయడం, మళ్ళీ తొడగడం. వీధిలో బూట్ల లోపల బుద్ధిగా ఉన్న బూజు, ఇంట్లో బూట్లు విప్పగానే ఊరేగింపు మొదలుపెట్టింది.

"వాసన కూడా రాలేదా అవ్వా మీకు?" అని అడిగాను, తల వంచుకొని. నాకు మాస్కుంది మరి.

"మొదటి దినమే వచ్చింది నాయనా. నువ్వు పోతానే సాంబ్రాణి ఏసినాం. బూజు పరీక్ష చేసేవాళ్ళ దగ్గర అట్లనే ఉంటాదేమో, అడిగితే బాగుండదనుకున్నాం."

రిపోర్టు రాసేటప్పుడు తప్పించుకోవాలని చూశాను. "బయటి నుంచి వచ్చిన బూజు అని రాస్తాను" అన్నాను.

చెంగల్రాయులు ఒప్పుకోలేదు. "బయట అంటే మా వియ్యపురాలు పూల నుంచే వచ్చిందనుకుంటాది. ఉండేది ఉన్నట్టు రాయప్పా."

రాశాను. 'ఇంట్లో బూజు లేదు. కనిపించిన బూజుకు మూలం పరీక్షకుడి సాక్సులు.' కింద సంతకం, పైన నా ముద్ర. కాగితం ఫోటో చిత్తూరుకు వెళ్ళింది. పది నిమిషాల్లో వియ్యపురాలి ఫోను. అందరికీ వినపడేలా స్పీకరు పెట్టారు.

"ఇల్లు బాగుండాది. రేపే బిడ్డను తెస్తాము. ఆ కాగితం రాసినబ్బి మాత్రం బిడ్డ ఉన్నన్నాళ్ళు మీ వీధిలోకి రాకూడదు."

బిడ్డ వచ్చాడు. నామకరణానికి ఊరంతా వెళ్ళింది. నాకు మాత్రం మునెమ్మ క్యారియర్‌లో పాయసం పంపించింది, వీధి చివరిదాకా.

కాబట్టి అష్టదిక్పాలకుల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకపై పరాయి ఇంటి గోడను అనుమానించే ముందు, మాస్కు తీసి, ఊపిరి బిగబట్టకుండా, నా అరికాళ్ళను నేనే వాసన చూసుకుంటాను. ఆ తర్వాత స్పృహలో ఉంటేనే పరీక్ష మొదలుపెడతాను.