ఓరవాకిలి మాస్టారు

మాస్టారికి మూసిన తలుపు గిట్టేది కాదు. ఎవరైనా ఏ గది తలుపైనా దగ్గరకు లాగితే చాలు, ఎక్కడున్నా వచ్చి జానెడు తెరిచి, కింద ఒక కాగితం మడత దోపి వెళ్లేవారు. మరుగుదొడ్డి తలుపు ఒక్కదానికే మినహాయింపు ఇచ్చారు, అదీ అందరూ కూడబలుక్కుని అడిగాక. ఆయన బదిలీ మీద వచ్చిన నెలలోపే పరిశోధన సంస్థ మూడో అంతస్తు మొత్తం ఆయన్ని ఓరవాకిలి మాస్టారు అనడం మొదలుపెట్టింది.

ఎందుకండీ ఇలా అని అడిగినవాడి పని అయిపోయినట్టే. నిలబెట్టి పాఠం చెప్పేవారు. నొప్పిని మోసుకెళ్లే నాడీకణం గోడలో పొటాషియం బయటికి పోవడానికి చిన్న చిన్న తలుపులుంటాయట. అవి తెరుచుకుంటే కణం చల్లబడుతుందట. నరం నలిగితే ఆ తలుపులు తగ్గిపోయి, ఎవరూ ముట్టుకోకుండానే కణం కేకలు పెడుతుందట. "ఒక్క కణానికే అంత అవసరమైతే, ఇంతమంది ఉన్న గదికి ఎంత అవసరం?" అని ముగించేవారు. ఈ లెక్క ఎవరికీ అర్థమయ్యేది కాదు గానీ, మళ్లీ అడిగే ధైర్యం కూడా ఎవరికీ లేదు.

ఇందులోని అసలు విడ్డూరం, ఆయన వచ్చిన వారంలోనే టెక్నీషియన్‌గా చేరిన అమ్మాయికి బాగా తెలుసు. వెంట్రుక కంటే సన్నని గాజుసూదిని ఒక్క కణానికి అంటించి, అందులోంచి వచ్చే కాస్త కరెంటును కొలవడం అక్కడి పని. ఎవరైనా తుమ్మితే కణం చేజారిపోతుంది. ఇలాంటి పని చేసే మిగతావాళ్లు కిటికీ సందులకు కూడా టేపు అంటించుకుంటారు. ఇక్కడ మాత్రం వరండాలోని గాలంతా మాస్టారి గదిలోనే కాపురం. పదిసార్లలో ఆరుసార్లు సూది ఊడిపోయేది. పోనీలే అమ్మా, ఇంకోటి పట్టుకుందాం అనేవారు. వరండా పిల్లి ఒకసారి లోపలికి వచ్చి, సూది అదరకుండా గాలి మీద తేలే ఆ బల్ల మీద పిల్లల్ని పెట్టింది. అవి కళ్లు తెరిచేదాకా పరిశోధన ఆగిపోయింది.

తలుపులు మూసి ఉంచమని డైరెక్టరు మెమోలు పంపేవారు. మాస్టారు ప్రతి మెమోనూ శ్రద్ధగా చదివి, నాలుగు మడతలు పెట్టి తలుపు కింద దోపేవారు. ఓ రోజు డైరెక్టరే స్వయంగా వచ్చి, తన సంతకం తలుపు కింద నలుగుతుంటే చూశారు.

"నా ఉత్తరాలకు మీరిచ్చే విలువ ఇదా?"

"పల్చటి కాగితం ఆగడం లేదండీ. కాస్త దళసరిది వాడమనండి," అన్నారు మాస్టారు.

అందరితోపాటు ఆ అమ్మాయీ నవ్వింది. నవ్వుతూ కుడిచెయ్యి వెనక్కి దాచుకుంది. మూడేళ్ల క్రితం స్కూటర్ కింద పడి ఆ చేతిలో నరం నలిగింది. ఎముక అతుక్కుంది గానీ నరం బాగుపడలేదు. గుడ్డ తగిలినా నిప్పు అంటుకున్నట్టుండేది, చల్లటి లోహం తగిలితే కళ్లు బైర్లు కమ్మేవి. వాడని మందు లేదు. ఇంతకుముందు పనిచేసిన చోట సంగతి తెలియగానే మర్యాదగా సాగనంపారు. అందుకే ఇక్కడ తనది ఎడమచేతి వాటమని చెప్పి చేరింది. మాస్టారు ఆ కణాల మీద పరీక్షిస్తున్న కొత్త మందు ఆ పొటాషియం తలుపుల్ని తెరిపిస్తే తన చెయ్యి కూడా ఎప్పటికైనా నోరు మూసుకుంటుందని, ఎవరికీ చెప్పని ఆశ ఒకటి పెట్టుకుంది.

మందు పనిచేయలేదు. మామూలు కణాలు చల్లబడ్డాయి, నలిగిన నరంలోవి చల్లబడలేదు. కరెంటు కొలతల్లో చివరి గీత చూసి మాస్టారు కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. "ఉన్న తలుపునైతే తెరుస్తుందమ్మా. లేని తలుపుని ఏం తెరుస్తుంది," అన్నారు ఆమె వైపు చూడకుండా. ఆమె వరండా చివరికి వెళ్లి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

ఆ నెలలోనే అగ్నిప్రమాదాల తనిఖీకి వచ్చినవాళ్లు ఆ అంతస్తులో డెబ్బై రెండు కాగితం మడతలు ఏరారు. డైరెక్టరు పనిచేయని మందునూ మూయని తలుపుల్నీ ఒకే ఉత్తరంలో రాసి, మాస్టారిని గడువుకు ముందే ఇంటికి పంపేశారు. ఆయన స్థానంలో వచ్చిన అధికారి ప్రతి తలుపుకీ స్ప్రింగు బిగించారు. పిడులు మాత్రం పాతవే, గుండ్రటి ఇత్తడివి. ఎడమచేతిలో ట్రే ఉంటే పిడి తిప్పాల్సింది కుడిచెయ్యే. రెండో రోజు ఆమె పిడి పట్టుకుని, వారం పాటు పెంచిన కణాలన్నిటినీ నేలపాలు చేసింది. చేతికేమైందని అధికారి అడగగానే వెళ్లి రాజీనామా రాసుకుంది.

అది ఇచ్చేముందు మాస్టారికి ఒక మాట చెబుదామని సాయంత్రం వాళ్లింటికి వెళ్లింది. వీధి తలుపు బిగించి ఉంది. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. తలుపు కింద సందులో పాత దుప్పటి కుక్కి ఉంది. వేరే ఇంటికి వచ్చానేమో అనుకుంది.

"రామ్మా, తొందరగా తలుపేసెయ్," అంది మాస్టారి భార్య. "చిటికెడు గాలి వస్తే చాలు, ఆయన ఇల్లు పీకి పందిరేస్తారు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఇదే గోల."

ఆమె దుప్పటి కుక్కిన తలుపు వైపు, తర్వాత తన కుడిచేతి వైపు చూసుకుంది. లోపలి నుంచి వచ్చిన మాస్టారు దొరికిపోయిన దొంగలా నేలచూపులు చూశారు.

"నా చేతి సంగతి మీకు ఎప్పుడు తెలిసిందండీ?"

"నువ్వు చేరిన రోజే. అంత చలిలో స్వెటరు కుడిచెయ్యి ఒక్కటి మాత్రం మోచేతి దాకా మడుచుకుని వచ్చావు. గుడ్డ కూడా ఓర్చుకోలేని చెయ్యిని గుర్తుపట్టలేకపోతే, నలభై ఏళ్లు నేను చదివిందేమిటమ్మా? పిడులు మార్చమని మూడుసార్లు రాశాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. నీ సంగతి చెబితే నీ ఉద్యోగం పోతుందని, తలుపులే తెరిచి పెట్టాను."

"అయితే ఆ తలుపుల పాఠం అబద్ధమా?"

"కణాల సంగతి నిజమే. గదుల సంగతి నా కల్పన." ఆయన ఆమె చేతిలోని కాగితం తీసుకుని చదివారు. "ఆ కొత్తాయన నా దగ్గర చదువుకున్నవాడే. పిడులు మార్చేదాకా రేపు వాడి గదిలోంచి కదలను. చేతి సంగతి మాత్రం నువ్వే చెప్పాలి. చెబుతావా?"

ఆమె తలూపింది. మాస్టారు రాజీనామాను నాలుగు మడతలు పెట్టి, వీధి తలుపు జానెడు తెరిచి, కింద దోపి, ఒకసారి లాగి చూసుకున్నారు.

"దళసరి కాగితం. డైరెక్టరు కంటే నువ్వే నయం."

దోమలొస్తాయని భార్య కేకేసింది. అమ్మాయి వస్తూ పోతూ ఉంటుంది, రానీ అని చెప్పి, ఆయన చెవుల మీదుగా మఫ్లరు బిగించి చుట్టుకుని, ఆ గాలిలోనే కూర్చున్నారు.