గంగామణి చూసే సీరియల్

బోధన్‌లో టైలర్ గంగామణి మిషన్ తొక్కుతూనే సీరియల్ చూస్తుంది. నచ్చని మాట వినపడితే దారం పళ్లతో తెంపి పక్కకు ఉమ్ముతుంది. ఆ సాయంత్రం సీరియల్‌లో ప్రేమించుకున్న ఇద్దరమ్మాయిల్లో ఒకతె లారీ కింద పడి చచ్చిపోయింది. జాకెట్ కోసం వచ్చిన పక్కింటి రాజవ్వ కళ్లొత్తుకుంది.

"పాపం, గసోంటోళ్ల బతుకు గంతే."

"రాసినోనికి సంపుడు తప్ప ఏం రాదు," అంది గంగామణి ఈసడింపుగా. "నేను, లత శానేండ్ల సంది కల్సి బతుకుతలేమా? మాది గసోంటి ప్రేమనే. మా మీదికి ఏ లారీ రాలే."

వంటింట్లో రొట్టె చేస్తున్న లత చేయి ఆగింది. ఇన్నాళ్లూ వాడంతా వాళ్లను అక్కచెల్లెళ్లనే అనుకుంది. రాజవ్వ జాకెట్ తీసుకోకుండానే లేచి వెళ్లిపోయింది.

లత పిండి చేతులతోనే వచ్చి టీవీ కట్టేసింది.

"గిరాకీ పోయింది. పోనియ్. రొట్టె సల్లారుతది, రా."