రెక్కీగాడి గొడుగు

ముందొకసారి వెళ్ళి చూసిరానిదే వాడు ఏ చోటికీ వెళ్ళడు. వాడి సంగతి అంతే. మిగతాదంతా దీనికి వ్యాఖ్యానం.

సినిమావాళ్ళు షూటింగుకి ముందు వెళ్ళి స్థలం చూసుకురావడాన్ని రెక్కీ అంటారు. వీడు సెలూనుకి కూడా రెక్కీ చేస్తాడు. ఇవాళ వెళ్ళి బెంచీ మీద కూర్చుంటాడు. ఫ్యాను ఎవరి నెత్తిన తిరుగుతోంది, కత్తెర ఎటునుంచి వస్తోంది అని చూసుకుని లేచి వచ్చేస్తాడు. క్రాఫు రేపు. పరీక్షకి ముందురోజు హాల్లో దూరి, తన నంబరు కుర్చీలో కూర్చుని, ఉత్త వేలితో బల్ల మీద జవాబులు రాసుకుంటుంటే వాచ్‌మన్ చెవి పట్టుకుని బయటికి లాగాడు. పెద్దమ్మకి ఆపరేషన్ అన్నప్పుడు ముందే ఆసుపత్రికి వెళ్ళి, ఎలా ఉంటుందోనని స్ట్రెచర్ మీద పడుకుని చూశాడు. లేచేలోపు వార్డుబాయ్ తోసుకుంటూ స్కానింగ్ గదికి పట్టుకుపోయాడు. "పేషెంట్‌ని కాను మొర్రో" అని వీడు, "అందరూ అదే అంటారు పడుకో" అని వాడు.

అందుకే కన్నతల్లి కూడా వాణ్ణి పేరు పెట్టి పిలవదు. "మా రెక్కీగాడు వచ్చాడా?" అంటుంది.

ఈమధ్య కొత్తగా చంకలో ఒక పొడుగాటి నల్లగొడుగు చేరింది. ఎండలో తెరవడు. వానలో తెరవడు. తను తడుస్తాడు గానీ గొడుగు విప్పడు.

"మరెందుకురా అది?" అంటే, "రెక్కీకి" అంటాడు.

ఇలాంటివాడితో కలిసి కాలేజీలో వీడియో కోర్సు ప్రాజెక్టు కింద ఒక మ్యూజిక్ వీడియో తియ్యాల్సి వచ్చింది ఎడిటర్‌కి. ఎడిటర్ అంటే తోటి విద్యార్థే. అవతలివాడి మాట పూర్తికాకముందే కత్తిరించేస్తాడని క్లాసులో ఆ పేరు పెట్టారు. ఒకడికి ఏదీ మొదలుపెట్టే తొందర లేదు, ఇంకొకడికి ఏదీ పూర్తిగా వినే ఓపిక లేదు. ఇద్దరినీ ఒక జట్టులో వేసిన మేష్టారికి సరదా ఎక్కువై ఉండాలి.

మూడో మనిషి మైకు. ఆ అమ్మాయి పాడితే మైకు అక్కర్లేదు కాబట్టి ఆ పేరు. చిన్నప్పటి ప్రమాదంలో ఒక కాలు దెబ్బతింది, చంకకర్ర మీద నడుస్తుంది. ఎవరైనా జాలిగా చూస్తే ఆ కర్రతోనే కాలి బొటనవేలు తొక్కి "అయ్యో, చూసుకోలేదండీ" అంటుంది. పాట రాసింది తనే, బాణీ తనదే.

తప్పుకోను తప్పుకోను
తప్పు నాదని ఒప్పుకోను

బస్సులో, క్యూలో, వరండాలో, పొద్దస్తమానం తనని చూసి జనం అనే మాట "తప్పుకో అమ్మా". దాన్నే పట్టుకుని పల్లవి చేసింది. మొదటిసారి విన్నప్పుడు ఎడిటర్ కూడా మధ్యలో కత్తిరించకుండా చివరిదాకా విన్నాడు. అదొక రికార్డు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే స్టూడియో దగ్గర. అది కాలేజీలో అన్నిటికన్నా పై అంతస్తులో ఉంది. లిఫ్టు కోసం గుంత తవ్వారు గానీ లిఫ్టు పెట్టలేదు. అందులో విరిగిన బెంచీలు వేశారు. డిపార్ట్‌మెంటు పెద్దసారు పాట విన్నారు, తల ఊపారు, తీర్పు చెప్పారు.

"గొంతు బ్రహ్మాండంగా ఉందమ్మా. రికార్డింగ్ కింద గదిలో అయిపోయింది కదా, వీడియోలో పెదాలు కదపడానికి ఇంకో అమ్మాయిని పెట్టండి. మాటిమాటికీ నిన్ను పైకి ఎక్కించి, పడితే బాధ్యత ఎవరిది? ఫీల్డులో అందరూ చేసేదే ఇది."

"నా గొంతుకి నా మొహమే కావాలి సార్," అంది మైకు.

"అలా ఒంటికాలి మీద లేస్తే ఎలా?"

"నాకు పనిచేసేదే ఒంటికాలు సార్. దానిమీదే లేస్తాను."

పెద్దసారుకి దగ్గొచ్చింది. మంచినీళ్ళు తాగి కాస్త మెత్తబడ్డారు. "సరే. స్టూడియో బయట ఎక్కడైనా తీసుకోండి, నాకభ్యంతరం లేదు. శుక్రవారంలోగా ప్లాను నా బల్ల మీద ఉండాలి. లేకపోతే స్టూడియోనే, ఇంకో అమ్మాయే."

దాంతో స్థలం వెతికే పని రెక్కీ చేతికొచ్చింది. చేప చేతికి చెరువు అప్పజెప్పినట్టయింది వాడికి. కాలికి బలపం కట్టుకుని ఊరంతా తిరిగాడు.

మూతబడ్డ సినిమాహాలు చూసొచ్చాడు. "కుదరదు. కాకులు ఎక్కువ."

"పాటలో కాకులు వినబడవురా, ఆడియో వేరే..." అన్నాడు ఎడిటర్. 

"కాకులకి కోపం ఎక్కువ. మొహాలు చూస్తే తెలిసింది."

పాత లైబ్రరీ. "కుదరదు. నాఫ్తలీన్ ఉండల వాసన."

"వీడియోలో వాసన వస్తుందా?"

"నటుల మొహాల్లో వస్తుంది."

రైల్వే వంతెన, బట్టలమిల్లు, ఎడిటర్ వాళ్ళ మేనమామ గోడౌను, అన్నీ కుదరలేదు. గోడౌనులో ప్రతిధ్వనికి యాస ఉందన్నాడు. మధ్యలో ప్రేక్షకుల మీద పరిశోధన అంటూ బస్‌స్టాపులో నిలబడి, "పాటలో నాయిక నిలబడితే బాగుంటుందా, కూర్చుంటే బాగుంటుందా?" అని దారినపోయేవాళ్ళని అడిగాడు. "నాకు కూర్చోడానికి చోటు దొరికితే చాలు నాయనా" అన్నాడొక ముసలాయన. దాన్ని కూడా పరిశోధన ఫలితాల్లో కలిపేశాడు.

బుధవారానికి ఎడిటర్‌కి నెత్తురు మరిగింది. "వీడు వెతకడం లేదే, మోకాలడ్డుతున్నాడు! రేపొక్కరోజు పోతే నీ పాటకి ఇంకోత్తి మొహం అతికిస్తారు. నీకు కోపం రావడం లేదా?"

"వస్తోంది," అంది మైకు. "కానీ వాడు కాకుల మీద పెట్టడం లేదూ నేరం, అక్కడేదో ఉంది. వెళ్ళి చూసిరా."

"అంటే?"

"రెక్కీగాడి మీదే రెక్కీ చెయ్యి."

గురువారం పొద్దున్నే ఎడిటర్ వాడి వెనకాలే బయల్దేరాడు. రెక్కీ ఒక పాత కల్యాణమండపం ముందు ఆగాడు. అటూ ఇటూ చూశాడు. గొడుగుని తలకిందులు చేసి, వంపు పిడిని నేలకి ఆనించబోయి, కాదనుకుని మళ్ళీ తిప్పి, ఎడమ చంకలో ఇరికించాడు. గొడుగు మొన మీద రబ్బరు బుడిపె ఒకటి తొడిగి ఉంది. ఎడమకాలు బిగదీసి, కొయ్యలాగా ఈడుస్తూ, కుడిచేత్తో రెయిలింగు పట్టుకుని మెట్లెక్కడం మొదలుపెట్టాడు. ఒక్కో మెట్టుకీ ముక్కుతున్నాడు. సగంలో ఆగి చెమట తుడుచుకుని, "ఇక్కడ ఆగితే కూర్చోడానికి లేదు" అని తనలో తనే గొణుక్కున్నాడు.

ఊడ్చే ఆవిడ చీపురు పక్కన పెట్టి పరుగున వచ్చింది. "ఏమైంది బాబూ, కాలు బెణికిందా?"

"లేదమ్మా, రెక్కీ."

"అదేం రోగం నాయనా, చిన్నవయసులో!"

గోడవెనక నిలబడ్డ ఎడిటర్‌కి నవ్వు తన్నుకొచ్చింది. తర్వాత ఆ నవ్వు ఎటో పోయింది. సినిమాహాల్లో కాకులు లేవు. ఎత్తు మెట్లున్నాయి. లైబ్రరీకి రెయిలింగు లేదు. గోడౌనులో ఇనపనిచ్చెన. వీడు ప్రతిచోటా ఇలా గొడుగు చంకన పెట్టుకుని, ఎక్కి, దిగి, ఎక్కడ నొప్పి పుడుతుందో తన ఒంటితో చూసుకుని, ఆ సంగతి చెప్పకుండా కాకుల్ని తిట్టాడన్నమాట.

ఎడిటర్ తిన్నగా మైకు దగ్గరికి వెళ్ళాడు. మొత్తం చెప్పాడు. ఏమీ కత్తిరించలేదు. కళ్ళనీళ్ళు పెట్టుకుంటుందేమోనని జేబులో రుమాలు కూడా సవరించుకున్నాడు.

"పిలువు వాణ్ణి," అంది మైకు. 

వాడొచ్చాడు. చంకలో గొడుగు.

"ఏరా, నీ కాలితో నా నడక నడిచి చూస్తావా? నేను చచ్చానా? నన్నడగడానికేం?"

"నిన్నడిగితే ఎక్కుతానంటావు."

"ఎక్కుతాను!"

"అందుకే అడగలేదు."

"అడగాలి! ఎక్కి, నొప్పెడితే తిట్టుకుంటాను, నా ఇష్టం. నా బదులు నువ్వు కుదరదనడానికీ, నా బదులు పెద్దసారు ఇంకో అమ్మాయిని పెట్టడానికీ తేడా ఏంటి?"

ఈ ప్రశ్నకి రెక్కీ ముందుగా రెక్కీ చేసుకుని రాలేదు. మొహం తడిసిన గొడుగులా వేలాడింది. అది చూసి మైకుకి కోపం నిలవలేదు.

"సరే ఏడవకు. ఏదీ, ఎలా నడుస్తున్నావో చూపించు."

వాడు గొడుగు ఎడమ చంకలో పెట్టుకుని, ఎడమకాలు ఈడుస్తూ నాలుగడుగులు వేశాడు. మైకు చూసింది. తన కర్ర వంక చూసుకుంది. కర్ర కుడి చంకలో ఉంది. రెయిలింగు పట్టుకోడానికి ఖాళీగా ఉన్నది ఎడమచెయ్యి. 

"ఒరేయ్. నా నడక ఎక్కడ చూసి నేర్చుకున్నావు?"

"రిహార్సల్‌లో. ఫోను స్టాండుకి పెట్టినప్పుడు."

"ముందు కెమెరాయా, వెనక కెమెరాయా?"

రెక్కీ మొహంలో రంగు దిగిపోయింది. ముందు కెమెరా. అద్దంలోలాగా కుడి ఎడమవుతుంది, ఎడమ కుడి అవుతుంది. వీడియో తీసే చదువు చదువుతూ, ఇన్నాళ్ళూ వాడు అద్దంలోని మైకుని మోసుకుని ఊళ్ళో మెట్లన్నీ ఎక్కాడు!

మైకు నవ్వడం మొదలుపెట్టింది. తన గొంతు సంగతి తెలుసుగా, పక్క క్లాసులో పాఠం ఆగిపోయింది. ఎడిటర్ నేలమీద కూలబడి నవ్వాడు. "అంటే కుడివైపు రెయిలింగు లేదని వదిలేసినవన్నీ..."

"ఎడమవైపు ఉన్నవి," అన్నాడు రెక్కీ నీరసంగా. "మన కాలేజీ మెట్లతో సహా. స్టూడియోకి ఎక్కేవి. అన్నిటికన్నా ముందు వాటినే కొట్టేశాను. వెడల్పు, మధ్యలో ఆగడానికి చోటు, పక్కకిటికీలోంచి వెలుతురు, అన్నీ కుదిరాయి. రెయిలింగే ఎడమపక్క."

నవ్వు ఆగింది.

"స్టూడియో బయట ఎక్కడైనా అన్నారు సారు," అంది మైకు నెమ్మదిగా. "మెట్లు స్టూడియో బయటే కదా?"

"పల్లవికి ఒక మెట్టు, చరణానికి ఒక మెట్టు," ఎడిటర్ అప్పుడే కళ్ళు మూసుకుని కట్ చేసేస్తున్నాడు. "ఎక్కుతూ ఉంటావు. క్లాసంతా మెట్ల నిండా కూర్చుంటారు. మరి దిగడం? దిగేటప్పుడు రెయిలింగు కుడిపక్కకి పోతుందే?"

"దిగడం పాటలో లేదు," అంది మైకు.

శుక్రవారం ప్లాను పెద్దసారు బల్లమీద ఉంది. షూటింగు స్థలం అన్నచోట 'స్టూడియో బయట' అని రాశారు. సారు మాటే సారుకి ఇచ్చారు. ఆయన సంతకం పెట్టేశారు.

షూటింగు రోజు క్లాసంతా మెట్లమీద బైఠాయించింది. పుస్తకాలు, బ్యాగులు, కాళ్ళు, రెయిలింగు పక్కన మైకు ఎక్కే దారి తప్పితే ఈగ దూరే సందు లేదు. మైకు మెట్ల మధ్య చదునులో నిలబడింది. పాట పెట్టించబోతుంటే రెక్కీ చెయ్యెత్తి ఆపాడు.

"ఆగండి."

"మళ్ళీ ఏంట్రా?" అని క్లాసంతా ఒక్కసారే అరిచింది.

"ఆగండంతే. కెమెరా మాత్రం ఆన్ చెయ్యి. మైకు తెరిచి ఉంచు. ఆ మైకు కాదు, ఆడియో మైకు."

అంతలో పైనుంచి చెప్పుల చప్పుడు. పెద్దసారు స్టూడియోలోంచి టీకి దిగుతున్నారు. మెట్లనిండా పిల్లలు. ఆయన చంకలో ఫైలు సర్దుకుని, ఫ్రేములోకి నిండుగా వచ్చి, రోజూ దిగేటప్పుడు అనేమాటే ఇవాళా అన్నారు.

"తప్పుకోండి! తప్పుకోండమ్మా!"

"పాట వెయ్!" అన్నాడు రెక్కీ.

మైకు ఆయన కళ్ళలోకే చూస్తూ ఎత్తుకుంది. పెదాలు కదిపితే చాలన్న సంగతి మరిచిపోయి నిజంగానే పాడేసింది. తప్పుకోను, తప్పుకోను. మెట్లనిండా కూర్చున్నవాళ్ళు అందుకున్నారు. పెద్దసారు ఒకకాలు కింది మెట్టుమీద, ఒకకాలు పైమెట్టుమీద పెట్టి, పాటంతా అలాగే నిలబడ్డారు. అంతకన్నా గొప్పగా ఏ నటుడూ నటించలేడు.

"ఆయన ఆ టైముకి దిగుతారని నీకెలా తెలుసురా?" అని ఎడిటర్ తర్వాత అడిగాడు.

"రెక్కీ చేశాను," అన్నాడు వాడు.

లిఫ్టు వచ్చిందా అంటే రాలేదు. అంత బుద్ధిమంతుల కథ కాదిది. కానీ ఆ వీడియో కాలేజీలో ఆడినప్పుడు "తప్పుకోండమ్మా" దగ్గర లేచిన ఈలలకి కప్పు ఎగిరింది. ఆ తర్వాత సారు మెట్లు దిగుతుంటే ఎవరో ఒకరు పల్లవి ఈల వేసేవారు. ఆయన కొన్నాళ్ళు ఓర్చుకున్నారు. చివరికి విసుగెత్తి, స్టూడియోని కింద అంతస్తులో పాత సామాన్ల గదికి దింపించారు. 

కొత్త స్టూడియో తెరిచినరోజు అందరికన్నా ముందు మైకు గుమ్మం దగ్గరికొచ్చింది. అక్కడ రెక్కీ రెండు చేతులూ చాపి అడ్డంగా నిలబడ్డాడు. గొడుగు ఈసారి కుడి చంకలో ఉంది.

"ఆగు. ముందొకసారి నేను లోపలికెళ్ళి చూసొస్తా."

"తప్పుకోరా," అంది మైకు.

"తప్పుకోను."

మైకు చంకకర్ర ఎత్తి వాడి బొటనవేలి మీద ఆనించింది.

"అయ్యో, చూసుకోలేదండీ."